ట్యాపింగ్: వేళ్ళ పని తేలికే, వాక్యం దగ్గరే తంటా

హా, నమస్తే అండీ. ఆడియో వస్తోందా... వస్తోంది, గీత కదులుతోంది. సరే.

ఇవాళ ట్యాపింగ్. ఈఎఫ్‌టీ అంటారు, ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్. ఇలా ముఖం మీద, ఛాతీ మీద వేళ్ళతో తట్టుకుంటూ, లోపల ఉన్న భయాన్నో కోపాన్నో పైకి అనడం. రీల్స్‌లో చూసే ఉంటారు, రెండు నిమిషాలు తట్టుకుని బోరున ఏడ్చేసి, వెంటనే నవ్వేసేవి. అంత సీనేం ఉండదు ఇక్కడ. నేను నా విషయం ఒకటి పెట్టుకుని చేస్తా, మీరు మీది పెట్టుకుని నాతోపాటు చెయ్యండి. మధ్యలో థెరపీ వాళ్ళు దీని గురించి ఏమంటారో కూడా చెప్తా.

ముందే ఒకటి చెప్పాలి. దాడి, యాక్సిడెంటు, చిన్నప్పటి వేధింపులు, ఇలాంటి పెద్ద గాయాలుంటే ఈ వీడియో ముందు ఒక్కరే కూర్చుని తవ్వుకోకండి. అది థెరపిస్టు గదిలో చేసే పని. మందులు వాడుతుంటే ఆపొద్దు. ఇవాళ్టికి చిన్నది తీసుకోండి. తల్చుకుంటే చిరాగ్గానో బెరుగ్గానో ఉంటుంది గానీ నిద్ర పట్టకపోవడం దాకా వెళ్ళనిది.

తీసుకున్నారా? దానికి నంబరు వెయ్యండి. 0 అంటే ఏం లేదు, 10 అంటే భరించలేను. ఈ నంబరు ట్యాపింగ్ వాళ్ళు కనిపెట్టింది కాదు. జోసెఫ్ వోల్పే అనే సైకియాట్రిస్టు ఫోబియాలకి వైద్యం చేస్తూ తెచ్చిన కొలత, ఆయన మొదట 0 నుంచి 100 దాకా పెట్టాడు. కాగితం మీద రాయండి, మనసులో వేసుకుంటే తర్వాత మనమే మార్చేస్తాం. యాప్‌లు ఉన్నాయి దీనికి, నేను రెండు మూడు వాడి తీసేశా. నంబరు తగ్గితే చప్పట్లు కొడుతుంది అందులో ఒకటి. ఇంకేముంది, చప్పట్ల కోసం తగ్గించి రాసేవాణ్ణి. కాగితం, పెన్సిలు, అంతే.

నాది 6.

ఇప్పుడు చుక్కలు. బొమ్మ వస్తుంది ఇక్కడ పక్కన, నేను గబగబా వెళ్తా, చూసుకోండి. చెయ్యి అంచు, చిటికెన వేలు వైపు, ఇదిగో. కనుబొమ మొదలు. కంటి కొస, ఎముక మీద. కంటి కింద, అదీ ఎముక మీదే, కన్ను గుడ్డు మీద కాదు. ముక్కు కింద. గడ్డం గుంట. కాలర్ బోన్ కింద. చంక కింద ఇలా, ఓ నాలుగు వేళ్ళు కిందకి. నడినెత్తి, మాడు మీద. అయిపోయింది. ఒక్కో చోట ఐదారు సార్లు, రెండు వేళ్ళతో, తలుపు మీద మెల్లగా కొట్టినట్టు. కుడా ఎడమా అని అడుగుతారు కామెంట్లలో, ఏదైనా పర్లేదు. కళ్ళద్దాలు తీసెయ్యండి, నేను మర్చిపోయి రెండుసార్లు కింద పడేశా.

పాత వీడియోల్లో ఇంకోటి ఉంటుంది. చేతి వెనక తడుతూ, కళ్ళు గుండ్రంగా తిప్పుతూ, పాట హమ్ చేస్తూ, 1 నుంచి 5 లెక్కపెట్టడం. అది రోజర్ కలహాన్ నాటిది. అమెరికన్ సైకాలజిస్టు. 1980 ప్రాంతంలో నీళ్ళంటే విపరీతంగా భయపడే ఒకావిడకి కంటి కింద తట్టించి, భయం పోయిందని చెప్పి, అక్కణ్ణుంచి థాట్ ఫీల్డ్ థెరపీ అని కట్టాడు. భయానికో వరస, కోపానికో వరస, వ్యసనానికో వరస. ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ ఇంజనీరు. ఏ తాళానికి ఏ తాళంచెవో వెతుక్కోవడం ఎందుకు, గుత్తిలో ఉన్నవన్నీ వరసగా తిప్పేస్తే ఏదో ఒకటి పడుతుందిగా అనుకున్నాడు. అన్నిటికీ ఒకటే వరస పెట్టి 1990ల్లో ఈఎఫ్‌టీ అన్నాడు. మనం చేసేది అదే. కళ్ళు తిప్పడం నేను వదిలేశా, చాలామంది వదిలేశారు.

సరే, ఇప్పుడు ఆగండి. ఇక్కడ స్పీడు తగ్గిస్తున్నా, 1.5లో చూస్తున్నవాళ్ళు కూడా తగ్గించండి. నేను ఇరుక్కుపోయింది ఇక్కడే.

చెయ్యి అంచు మీద తడుతూ ఒక వాక్యం మూడుసార్లు అనాలి. పుస్తకాల్లో తెలుగు చేసి ఎలా ఇస్తారంటే, "నాకు ఈ సమస్య ఉన్నప్పటికీ, నేను నన్ను లోతుగా, సంపూర్ణంగా అంగీకరిస్తున్నాను." ఇదీ. ఒకసారి పైకి అనండి. ఏమనిపించింది? నాకైతే స్టాంపు పేపరు మీద సంతకం పెడుతున్నట్టుంది. ఎవరు మాట్లాడతారండీ ఇలా, తమతో తాము?

నాకు నలుగురిలో మాట్లాడాలంటే వణుకు. రెండు వారాలు, పొద్దున్నా సాయంత్రం, "నాకు స్టేజీ భయం ఉన్నప్పటికీ" అంటూ తట్టుకున్నా. నంబరు 8. తర్వాత 8. తర్వాత మళ్ళీ 8. నొసలు ఎర్రబడ్డం తప్ప ఏమీ జరగలేదు. చుక్క తప్పుతున్నానేమో అని అద్దం ముందు స్కేలు పెట్టి కొలుచుకున్నా, నిజంగా. తప్పు చుక్కది కాదు, వాక్యంది.

"స్టేజీ భయం" అనేది పేరు. పేరుకి వణుకు పుట్టదు. వణుకు పుట్టేది ఒక సీనుకి. నా సీను ఏంటంటే, ఒక మీటింగులో మూడో స్లయిడు దగ్గర మాట ఆగిపోయింది. ఏం చెప్పాలో గుర్తు రాలేదు. ముందు వరసలో ఒకాయన పెన్ను క్యాప్ తీసి పెట్టి, తీసి పెట్టి, టిక్, టిక్. ఆ టిక్ తల్చుకోగానే నాలుక అంగిట్లోకి అంటుకుపోతుంది నాకు, ఇప్పుడు కూడా, చూడండి, మంచినీళ్ళు తాగుతున్నా.

దాన్ని పెట్టాలి వాక్యంలో. "ఆ పెన్ను చప్పుడు వినిపిస్తే నోరెండిపోతోంది. అయినా సరే, నేను నాకు తోడున్నాను." అంతే. "అంగీకరిస్తున్నాను" తీసేశా. మీకు "పర్లేదు, ఉండనీ" అని వస్తే అదే అనండి. "ఇలా ఉన్నా నేను నేనే" అని వస్తే అది. మీరు దగ్గరి మనిషికి చెప్పే మాట ఏదో అదే వాడండి. రెండో ముక్క ఏంటంటే, భయాన్ని ఒంట్లో ఎక్కడుందో చెప్పండి. గొంతు పట్టేసిందా, కడుపులో దేవినట్టుందా, అరచేతులు చెమటలా, గుండెలో దడదడా. మనకి తెలుగులో వీటికి మాటలకేం కొదవ? "యాంగ్జయిటీ" అన్నారనుకోండి, మళ్ళీ పేరే పెట్టినట్టు.

వీడియో ఆపి మీ వాక్యం రాసుకోండి. నిజంగా ఆపండి.

...రాశారా. చెయ్యి అంచు, మూడుసార్లు. "ఆ పెన్ను చప్పుడు వినిపిస్తే నోరెండిపోతోంది, అయినా సరే, నేను నాకు తోడున్నాను." మీది మీరు అనండి. ఇంకో రెండుసార్లు.

ఇప్పుడు వరస, చిన్న ముక్క చాలు. కనుబొమ, పెన్ను చప్పుడు. కంటి కొస, పెన్ను చప్పుడు. కంటి కింద, నోరెండిపోతోంది. ముక్కు కింద... గడ్డం... మూడో స్లయిడు. కాలర్ బోన్, అందరూ నన్నే చూస్తున్నారు. చంక కింద. మాడు. ఊపిరి. వదలండి.

నంబరు రాయకండి అప్పుడే, ఇంకో రౌండు ఉంది. ఈలోగా నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్న.

2003లో వెయిట్, హోల్డర్ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. భయాలున్న విద్యార్థుల్ని గుంపులు చేశారు. ఒక గుంపు అసలు చుక్కల మీద తట్టుకుంది. ఇంకో గుంపు చేతి మీద ఏవో ఉత్తుత్తి చుక్కల మీద. మూడో గుంపు... ఆటబొమ్మ మీద! తన ఒళ్ళు కాదు, పిల్లలు ఆడుకునే లాంటి ఒక బొమ్మని తట్టింది. నాలుగో గుంపుకి ట్యాపింగే లేదు. మొదటి మూడు గుంపుల్లోనూ భయం తగ్గింది, నాలుగో దాంట్లో తగ్గలేదు. బొమ్మని తట్టినా వేలి కొసల్లో చుక్కలుంటాయిగా అని ఈఎఫ్‌టీ వాళ్ళ వాదన. నాకు అది కొంచెం సాగదీసినట్టే ఉంటుంది. ఆ పేపరు చదివాకే స్కేలు పక్కన పారేశా.

ఇటు వైపు కూడా ఉంది. 2012లో 83 మంది మీద చేసిన దాంట్లో ఒక్క సెషన్ తర్వాత కార్టిసాల్, అంటే ఒత్తిడి హార్మోను, సుమారు 24 శాతం తగ్గిందని వచ్చింది. చేసినవాళ్ళలో ముఖ్యుడు ఈఎఫ్‌టీ నేర్పించే మనిషే, అదీ గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో ఏ వైద్యం వాడాలో చెప్పే నైస్ సంస్థ 2018లో పీటీఎస్‌డీకి, అంటే పెద్ద గాయం తర్వాత మిగిలిపోయే మానసిక సమస్యకి, ఇచ్చిన మార్గదర్శకాల్లో దీన్ని వైద్యంగా సిఫారసు చెయ్యలేదు, ఇంకా పరిశోధన చెయ్యండి అంది. థెరపిస్టులు చాలామంది చెప్పేది ఏంటంటే, చుక్కలు తడితే శరీరంలో శక్తి ప్రవాహాలు సర్దుకుంటాయని ఈఎఫ్‌టీ వాళ్ళు చెప్పేది పక్కన పెడితే, భయపెట్టే సీనుని కాసేపు ఎదురుగా పెట్టుకుని కూర్చుంటున్నారు, దాంతోపాటు మీ మీద మీరు కాస్త దయగా మాట్లాడుకుంటున్నారు, సగం ధ్యాస వేళ్ళ మీద ఉంది కాబట్టి మునిగిపోవట్లేదు. ఇవన్నీ మామూలు థెరపీలో ఉన్న పనిముట్లే. నేనూ ఆ వైపే.

ఈఎమ్‌డీఆర్ అని కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ చేసే థెరపీ ఒకటుంది, దాంతో కలిపెయ్యకండి, అది వేరు. అందులోనూ తట్టడం ఉంటుంది, కుడి ఎడమ, కుడి ఎడమ. ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ సైకాలజిస్టు 1980ల చివర్లో మొదలుపెట్టింది, దానికి ఆధారాలు చాలా గట్టివి, పీటీఎస్‌డీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఇలా చేతులు అడ్డంగా పెట్టి భుజాల మీద మార్చి మార్చి తట్టడం, సీతాకోకచిలుకలా, చూశారుగా. బటర్‌ఫ్లై హగ్. మెక్సికోలో తుపాను నుంచి బతికి బయటపడ్డవాళ్ళతో పనిచేస్తూ 1998లో లూసీనా ఆర్టిగాస్ తెచ్చింది. నిద్ర పట్టనప్పుడు నేను దీన్నే వాడతా, వాక్యాలు వెతుక్కునే ఓపిక ఉండదు అప్పుడు.

రెండో రౌండు. వాక్యం ఒక్క మాట మారుతుంది. "ఇంకా మిగిలిన ఈ నోరెండడం, అయినా సరే..." మిగతా అంతా అదే. కనుబొమ నుంచి, వెళ్ళండి.

...మధ్యలో ఎవరికైనా నంబరు పైకి పోతోందా? పోతే ఆపెయ్యండి, మొండిగా చెయ్యొద్దు. పాదాలు నేలకి ఆనించి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి అనండి. ఆ సీను ఇవాళ పెట్టెయ్యండి పక్కన. మళ్ళీ మళ్ళీ అలాగే అవుతుంటే దాన్ని థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఒక షార్ట్‌కట్, మీటింగు మధ్యలో ముఖం తట్టుకోలేం కదా, టేబుల్ కింద చెయ్యి అంచుని ఇంకో చేత్తో నొక్కి పట్టుకుంటా. ఎవరికీ కనపడదు.

మాడు... ఊపిరి... వదలండి. ఇప్పుడు పెన్ను చప్పుడు తల్చుకుంటా. టిక్. టిక్. నోరు... ఎండలేదు అంత. గొంతులో మాత్రం ఏదో ఉంది, అది ఇందాక లేదు. 4 రాస్తున్నా. ఆ గొంతుది వేరే సీను అయ్యుంటుంది, దాన్ని రేపు పొద్దున వేరే కాగితం మీద మొదలుపెడతా. మీ నంబరు రాసుకోండి, రికార్డింగ్ ఆపుతున్నా.