పొగను భూమిలో దాచే టెక్నాలజీ ముందు ఎవరికి?

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

సోంపేట బీల (అక్కడి చిత్తడి నేల) అనగానే శ్రీకాకుళంలో ఎవరికైనా 2010 గుర్తొస్తుంది. థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాదే కాకరాపల్లి థర్మల్ ప్లాంటు దగ్గరా అదే జరిగింది. అందుకే "పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమిలో దాచేస్తారట, ఇక బొగ్గుతో భయమేముంది?" అని ఎవరైనా అంటే ఆ మాటను ఊరికే వదిలెయ్యకూడదు.

అసలు పని ఎలా జరుగుతుందో చూడండి. బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది 12 నుంచి 14 శాతమే, మిగతాది చాలావరకు నైట్రోజన్. ఈ పొగను ఎత్తయిన టవర్లోకి కింద నుంచి పంపి, పైనుంచి అమీన్ అనే రసాయన ద్రావణం జారవిడుస్తారు. అది కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. మళ్లీ విడిపించాలంటే ద్రావణాన్ని ఆవిరితో దాదాపు 120 డిగ్రీలకు కాచాలి. ఆ ఆవిరి ఎక్కడిది? కరెంటు తియ్యాల్సిన ఆవిరే! ఆపైన వాయువును బాగా నొక్కి, 800 మీటర్లకంటే లోతుకు దించాలి. ప్లాంటు తీసే కరెంటులో దాదాపు ఐదో వంతు దీనికే పోతుంది. బూడిద, సముద్రంలోకి వదిలే వేడినీళ్లు మాత్రం అలాగే ఉంటాయి. మత్స్యకారుడికి ఒరిగేదేమీ లేదు.

పైగా మన కాళ్ల కింద ఉన్నవి ఖొండలైట్, చార్నోకైట్ లాంటి గట్టి రాళ్లు. వాయువు ఇంకే సందులు వాటిలో లేవు. ఇసుకరాతి పొరలు కావాలంటే కృష్ణా గోదావరి బేసిన్ దాకా పైపులు వెయ్యాలి.

అలాగని ఇది దండగ అనను. నార్వే 1996 నుంచి స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం దగ్గర సముద్రం అడుగున ఏడాదికి సుమారు 10 లక్షల టన్నుల దాకా దాస్తూ వచ్చింది. తిత్లీ తుపాను కూల్చిన ఉద్దానం కొబ్బరి తోటలు చూసినవాళ్లం, ఉద్గారాలు తగ్గాలని మనకు లేకపోతే ఎవరికి ఉంటుంది? కానీ దేశం ఏడాదికి వదిలేది సుమారు 300 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి పట్టగలుగుతున్నది 5 కోట్ల టన్నుల చుట్టుపక్కలే. ఇంత తక్కువ ఉన్నప్పుడు అది ముందు సిమెంటుకు, ఉక్కుకు దక్కాలి. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బట్టీకి సోలార్ కరెంటు పెట్టినా ఆగదు. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా ఇదే. బొగ్గు కరెంటుకైతే ఎండా గాలీ ఉన్నాయి.

రేపు ఎక్కడైనా ప్రజాభిప్రాయ సేకరణలో "కార్బన్ పట్టేస్తాం" అంటే, ఎన్ని టన్నులు, ఏ పొరలో, యాభై ఏళ్ల తర్వాత లీకైతే పూచీ ఎవరిది అని అడగండి. జవాబులు రాతపూర్వకంగా, తెలుగులో ఇమ్మనండి.