బరువు తగ్గే ఆపరేషన్: మొదటిసారి డాక్టర్ దగ్గరికి ఏం పట్టుకుపోవాలి?

[బల్ల మీద కొలత టేపు, వంటింటి తూకం, మందుల స్ట్రిప్పులు, ఒక పాత ఫైలు. కెమెరా వాటి మీద నుంచి మొదలవుతుంది.]

నమస్తే అన్నా, అక్కా.

బేరియాట్రిక్ సర్జరీ అనగానే మన దగ్గర ముందు అడిగే ప్రశ్నలు రెండే. ఎంత అవుతుంది? ఎప్పుడు చేస్తారు? ఆ రెండు ప్రశ్నలతోనే, చేతిలో ఒక్క కాగితం లేకుండా, కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు, అనంతపురం వాళ్ళు బెంగళూరుకు రాత్రి బస్సెక్కేస్తారు. పొద్దున డాక్టర్ కాసేపు మాట్లాడి, పరీక్షలు రాసిచ్చి, మళ్ళీ రమ్మంటారు. "అంత దూరం పోతే ఏమీ తేల్చలేదు" అని ఇంటికొచ్చి బాధపడతారు. తేల్చడానికి ఆయన ముందు ఏం పెట్టారు మీరు? ఇది చూసినప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, కన్సల్టేషన్ ఫీజు, అన్నీ వృథా.

మన సీమలో బోరు వేయించాలంటే ఎవరైనా రిగ్గు లారీని నేరుగా చేనులోకి పిలుస్తారా? ముందు పాయింటు చూపిస్తారు. ఈ చేనులో ఇంతకుముందు వేసిన బోర్లు ఎన్ని, ఎన్ని అడుగులు పోయినాయి, ఎక్కడ రాయి తగిలింది, పడిన బోరు ఎన్నాళ్ళకు ఎండిపోయింది, అన్నీ చెప్తారు. మొదటి కన్సల్టేషన్ ఆ పాయింటు చూసే రోజు. రిగ్గు వచ్చే రోజు వేరే ఉంది.

ఒక్క ముక్క ముందే చెప్పేస్తాను. ఈ ఆపరేషన్‌లో పొట్ట మీది కొవ్వు తీయరు. స్లీవ్ అంటే జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలింది సన్నటి గొట్టంలా ఉంచుతారు. తీసింది తిరిగి పెట్టలేరు. బైపాస్‌లో చిన్న సంచి చేసి, దాన్ని పేగులో కొంత దూరం తర్వాత కలుపుతారు. ఈ రెండింట్లో మీకు ఏది సరిపోతుందన్నది మీరిచ్చే వివరాల మీదే ఆధారపడుతుంది.

[తెరపై: ఎత్తు, బరువు]

ఎత్తుతో మొదలుపెడదాం. "ఐదడుగుల నాలుగంగుళాలు ఉంటానేమో" అని అంచనా మీద చెప్పేవాళ్ళే ఎక్కువ. ఆ "ఏమో" ఖరీదు చూడండి. బరువు 92 కిలోలు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు అనుకుంటే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువేనా అని చూసే లెక్క, 34.8 వస్తుంది. గోడకు నిలబెట్టి కొలిస్తే 5 అడుగుల 2 అంగుళాలే ఉన్నారనుకోండి, అదే బరువుకు బీఎంఐ 37.1. మధ్యలో ఉన్న 35 అనే గీత ఇన్సూరెన్స్‌కు చాలా ముఖ్యం, దాని సంగతి తర్వాత చెప్తాను. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, నెత్తి మీద ఒక అట్ట అడ్డంగా పెట్టి గోడ మీద గీత గీయించుకోండి. సెంటీమీటర్లలో కొలిచి రాసుకోండి. బరువు పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకోండి. మెడ చుట్టుకొలత కూడా రాయండి. 40 సెంటీమీటర్లు దాటితే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమోనని డాక్టర్ అనుమానిస్తారు.

2022లో అంతర్జాతీయ, అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బు లేకున్నా ఆపరేషన్ సూచించవచ్చు. మనలాంటి ఆసియా వాళ్ళకు తక్కువ బరువుకే షుగర్ వస్తుంది కాబట్టి ఆ గీతను 27.5 దాకా కిందికి దించారు. అయితే సర్జన్ ఒప్పుకున్నంత మాత్రాన ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటుందనుకోకండి.

[తెరపై: ఫెయిలైన బోర్లు]

ఇప్పుడు పాత బోర్ల సంగతి. ఇంతకుముందు బరువు తగ్గడానికి మీరు ఏమేం చేశారు? "అన్నీ చేశాను సార్, ఏదీ పని చేయలేదు" అంటే డాక్టర్‌కు ఒక్క ముక్క తెలియదు. ఒక పేజీలో రాయండి. ఏ సంవత్సరం, ఏం చేశారు, ఎన్ని నెలలు, ఎన్ని కిలోలు తగ్గారు, ఎందుకు ఆగిపోయింది, ఎన్నాళ్ళకు తిరిగి పెరిగారు. అన్నం మానేసి రొట్టె తిన్నది, పొడులు తాగింది, జిమ్ముకు పోయింది, ఇంజక్షన్లు వేయించుకుంది, అన్నీ రాయాలి. ఎన్నిసార్లు ఓడిపోయారని అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. ఏ లోతులో రాయి తగిలిందో చూస్తారంతే. ప్రతిసారీ మోకాళ్ళ నొప్పితోనే నడక ఆగిపోయిందా? రాత్రి ఆకలి ఆపుకోలేకపోయారా? కాన్పు తర్వాత పెరిగారా? నిద్ర మాత్రలో, మూర్ఛ మందులో మొదలుపెట్టాక పెరిగారా? ఒక్కోదానికి ఒక్కో దారి ఉంటుంది. పక్క చేనులో రెండించుల నీళ్ళు పడ్డాయని మన చేనులోనూ అంతే పడాలని లేదు కదా. పక్కింటామె తగ్గిన కిలోలు మీ లెక్కలోకి రావు. మామూలుగా ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో నాలుగోవంతు నుంచి మూడోవంతు లోపు తగ్గుతారు. 92 కిలోల మనిషి సుమారు 61, 69 మధ్యకు వస్తారు. అంతకుమించి ఆశతో పోతే నిరాశే.

[తెరపై: వంటింటి తూకం మీద సంగటి ముద్ద]

తిండి సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే అందరూ తప్పు చెప్పేది ఇక్కడే. "నేను తినేదే తక్కువ సార్." మూడు రోజులు రాయండి. అందులో ఒక ఆదివారం ఉండాలి, ఎందుకంటే నాటుకోడి, సంగటి వండేది ఆ రోజే. ముద్ద ఎంత బరువో తూకం మీద పెట్టి చూడండి. చెనిక్కాయలు పిడికెడు అంటే సుమారు 30 గ్రాములు, 170 కేలరీలు. ఉగ్గాని మీద చల్లిన పుట్నాల పొడి, రెండు బజ్జీలు, జొన్నరొట్టెతో తిన్న ఊరుబిండి, ఇవన్నీ రాతలోకి రావాలి. నూనె లెక్క ఇంకా సులువు. నెలకు 5 లీటర్లు, ఇంట్లో నలుగురు. ఒక్కొక్కరికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైన, అంటే ఒక్క నూనె నుంచే దాదాపు 340 కేలరీలు. టీ రోజుకు ఐదు సార్లు, ఒక్కోసారి రెండు స్పూన్ల చక్కెర. అక్కడొక 200.

డాక్టర్‌కు ఇదంతా ఎందుకు? స్లీవ్ గట్టి తిండిని ఆపుతుంది, తీపి నీళ్ళను ఆపలేదు. టీ, కూల్‌డ్రింకు, జ్యూసు గొట్టంలో నుంచి జారిపోతాయి. తీపి తాగే అలవాటు ఉన్నవాళ్ళకు ఆపరేషన్ చేసినా అనుకున్నంత తగ్గరు. గుండెల్లో మంట, పులితేన్పులు ఉంటే అదీ చెప్పాలి, స్లీవ్ తర్వాత చాలామందికి అది ఎక్కువవుతుంది. అప్పుడు సర్జన్ బైపాస్ వైపు ఆలోచిస్తారు. చూశారా, ఒక్క పులితేన్పు మాట చెప్పకపోతే ఆపరేషనే మారిపోతుంది.

ఇంకొకటి మన ప్రాంతం వాళ్ళకే ప్రత్యేకంగా చెప్పాలి. సంగటిని మనం నమలం, పప్పులో ముంచి మింగుతాం. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో అట్లా మింగితే ముద్ద ఇరుక్కుని వాంతే. ప్రతి ముద్దా 20, 30 సార్లు నమలాలి, తిండి మధ్యలో నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఇక రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. శాకాహారులైతే ఆ 60 ఎట్లా పూడ్చాలో డైటీషియన్‌ను మొదటి రోజే అడగండి.

[తెరపై: మందుల స్ట్రిప్పులు]

మందులు. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పొద్దు, స్ట్రిప్పులే సంచిలో వేసుకుపోండి. ముఖ్యంగా మోకాళ్ళ నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇవి బైపాస్ తర్వాత కలిపిన చోట పుండు చేస్తాయి. రోజూ ఒకటి వేసుకోకుండా నడవలేనంటే అది సర్జన్‌కు ముందే తెలియాలి.

ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పికి వేయించుకున్న సూదులు, "బలం మాత్రలు" కూడా దాచొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే బరువు పెరగడానికి అదే కారణం కావచ్చు. ఎక్కువ రోజులు వాడి ఒక్కసారిగా ఆపితే శరీరం తనంతట తాను తయారుచేసుకోవాల్సిన స్టెరాయిడ్ చాలదు, ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. మీరే ఆపొద్దు, డాక్టర్ నెమ్మదిగా తగ్గిస్తారు. నాటు మందులు, పసరు, చూర్ణాలు ఉంటే ఆ డబ్బాలూ పట్టుకుపోండి.

షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు ఆపమంటారు. ఆపకపోతే షుగర్ రీడింగు పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగిపోవచ్చు. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి, కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. రక్తం పలచబడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతీ అంతే.

రాత్రి బస్సులో పోయేవాళ్ళు ఒకటి జాగ్రత్తగా వినండి. పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వాలని ఏమీ తినరు, కానీ గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం అలవాటుగా వేసుకుంటారు. షుగర్ పడిపోయి ఆసుపత్రి లైన్లోనే చెమటలు పట్టి కూలబడతారు. ఆ పూట మాత్ర, ఇన్సులిన్ ఎట్లా వేసుకోవాలో మీ ఊరి డాక్టర్‌ను ముందే అడగండి. అంతకన్నా మంచిది, రక్త పరీక్షలు నాలుగు రోజుల ముందు మీ ఊర్లోనే చేయించి రిపోర్టులు పట్టుకుపోవడం. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. దానితో పాటు సీబీసీ, థైరాయిడ్, క్రియాటినిన్, లివర్ టెస్టు, కొలెస్టరాల్, బీ12, విటమిన్ డీ, ఫెరిటిన్. పొట్ట స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, పిత్తాశయంలో రాళ్ళు బయటపడతాయి. ఎండోస్కోపీ, ఎకో, స్లీప్ స్టడీ మాత్రం అక్కడ సర్జన్ చెప్పాకే చేయించండి.

టైం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెప్తాను.

గురక. మీకు తెలియదు, పక్కన పడుకునేవాళ్ళకు తెలుసు. మీ ఆయన్నో, మీ ఆమెనో వెంట తీసుకుపోండి. ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేసి వినిపిస్తే ఇంకా మంచిది. ఊపిరి ఆగే జబ్బు తెలియకుండా మత్తు ఇవ్వడం ప్రమాదం.

పాత ఆపరేషన్లు. సిజేరియన్, గర్భసంచి, ట్యూబెక్టమీ, హెర్నియా, అన్నిటి డిశ్చార్జ్ కాగితాలు. లోపల అతుకులుంటే సర్జన్‌కు పని మారుతుంది. ఆడవాళ్ళు చివరి నెలసరి తేదీ రాసుకుపోండి. పిల్లలు కావాలనుకుంటే ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగాలి.

బీడీ, గుట్కా, మందు. నిజం చెప్పండి. పొగాకు ఆపరేషన్‌కు కనీసం 6 వారాల ముందే మానేయాలి, లేకపోతే కుట్లు సరిగా మానవు. డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, అందుకని ఆపరేషన్ కాదనేయరు.

ఇన్సూరెన్స్. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ రాసిన షరతు ఇది: వయసు 18 నిండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, వేరే పద్ధతుల్లో బరువు తగ్గే ప్రయత్నాలు ఫలించక, దాంతో పాటు ఈ నాలుగింట్లో ఒకటి ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరం జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులోకి రాని టైప్ 2 షుగర్. ఇందాకటి 34.8 సంగతి ఇప్పుడు అర్థమైందా? డైటీషియన్ చీటీలు, పాత ప్రిస్క్రిప్షన్లు పారేయకండి, ప్రయత్నించారనడానికి సాక్ష్యం అవే. ప్రభుత్వ పథకం కింద వీలవుతుందా అన్నది నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఖర్చు. ప్యాకేజీలో ఏం ఉన్నాయి? జీర్ణాశయాన్ని కోసి కుట్టే స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు కలిపారా, విడిగా బిల్లు వేస్తారా? ఐసీయూ రోజు కలిపారా? కుట్టు లీకై మళ్ళీ చేరాల్సి వస్తే ఎవరు కట్టాలి? రాయించుకోండి. ఆ రోజే అడ్వాన్సు కట్టొద్దు, ఇంటికొచ్చి ఆలోచించుకుని కట్టొచ్చు. బోరు పడ్డాక మోటారు, కేబులు, స్టార్టరు ఖర్చు ఉన్నట్టే ఇక్కడా ఉంది. విటమిన్లు, బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వాడాలి, రక్త పరీక్షలు ఏటా చేయించాలి.

ఇక సర్జన్‌ను తప్పకుండా అడగాల్సింది: ఇంటికొచ్చాక రాత్రి పూట వాంతులు ఆగకపోతే నేను ఎవరికి ఫోన్ చేయాలి? కడపలో, ఆదోనిలో, ధర్మవరంలో ఉండేవాళ్ళకు ఆ సర్జన్ గంటల ప్రయాణం దూరం. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే థయామిన్ (విటమిన్ బీ1) అయిపోయి నరాలు దెబ్బతింటాయి, మనిషి తడబడతాడు, చూపు రెండుగా కనిపిస్తుంది. మామూలు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే ముందే థయామిన్ ఇవ్వాలి. ఈ మాట మీ ఊరి డాక్టర్‌కు చూపించేలా సర్జన్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకుని, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా ఉండాలి.

ఆపరేషన్‌కు ముందు లివర్ సైజు తగ్గడానికి పాటించే రెండు వారాల లివర్ డైట్ గురించి వచ్చే వీడియోలో చెప్తాను.