హద్దు దాటిన బ్యాడ్జి

అందరికీ నమస్కారం.

ఇవాళ నేను మాట్లాడబోయేది అమెరికాలో పోలీసుకీ పోలీసుకీ మధ్య నడిచే ఒక తగాదా గురించి. వినడానికి చిన్నదే. ఒక రాష్ట్రపు పోలీసు సెలవు మీద ఇంకో రాష్ట్రంలో స్పీడుగా కారు నడుపుతూ దొరికితే, అక్కడి పోలీసు టికెట్ రాయాలా, వదిలేయాలా? టికెట్ అంటే మన చలానాయే. ఈ చిన్న కాగితం కోసం డిపార్ట్‌మెంట్లు గొడవపడ్డ సందర్భాలున్నాయి.

ముందు ఒక ఊహ. ఇంటర్‌స్టేట్ 95 అనే హైవే ఉంది. పైన మెయిన్ రాష్ట్రం నుంచి కింద మయామి దాకా 15 రాష్ట్రాలను కలుపుతూ పోతుంది. న్యూజెర్సీ పోలీసు ఒకాయన కుటుంబంతో ఫ్లోరిడా బయల్దేరాడనుకుందాం. వర్జీనియాలో లిమిట్ 70 మైళ్లున్న చోట ఈయన 92లో ఉన్నాడు. వెనక నీలం లైట్లు వెలిగాయి. కారు పక్కకు తీశాడు. ట్రూపర్, అంటే రాష్ట్ర హైవే పోలీసు, కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈయన లైసెన్స్ తీస్తూ, 'నేనూ డిపార్ట్‌మెంట్ వాడినే' అన్నాడు.

చట్టం ప్రకారం ఆ మాటకు విలువ లేదు. వర్జీనియాలో ఆయన మామూలు పౌరుడు. అత్యవసర వాహనాలకు ట్రాఫిక్ రూల్స్ నుంచి మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది మనిషికి కాదు, పనికి. ఎమర్జెన్సీ కాల్‌కు వెళ్తుండాలి, లేదా ఎవరినో వెంటాడుతుండాలి. సాధారణంగా లైట్లూ సైరనూ వేసుకోవాలి. అప్పుడు కూడా రోడ్డు మీదున్న మిగతావాళ్ల ప్రాణాలను పట్టించుకునే నడపాలి. నేరస్థుణ్ణి తరుముతూ పక్క రాష్ట్రంలోకి దూసుకెళ్లడానికి చాలా రాష్ట్రాల్లో ప్రత్యేక చట్టాలున్నాయి. బీచ్‌కు వెళ్లడానికి మాత్రం లేవు.

ఇక్కడో తమాషా ఉంది. 2004లో వచ్చిన ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం ఒకటి, డ్యూటీలో లేని పోలీసు కూడా, కొన్ని షరతులకు లోబడి, దేశంలో ఎక్కడికైనా తుపాకీ దాచుకుని వెళ్లవచ్చని చెప్పింది. అంటే ఆయన నడుముకున్న తుపాకీకి రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు, యాక్సిలరేటర్ మీదున్న కాలికి అడ్డే. 'నన్ను పోలీసుగా గుర్తించే చట్టం ఉంది కదా' అని కొందరు వాదించేది ఈ రెంటినీ కలగలిపేసే.

ఫెడరల్ ఉద్యోగుల సంగతి వేరు. 1920లో సుప్రీంకోర్టుకు మేరీలాండ్ కేసు ఒకటి వచ్చింది. పోస్టాఫీసు ట్రక్కు నడిపే ఉద్యోగిని రాష్ట్ర లైసెన్స్ లేదని పట్టుకున్నారు. ఫెడరల్ పనిలో ఉన్న మనిషిని రాష్ట్రం అలా ఆపడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. కానీ తీర్పు రాసిన జస్టిస్ హోమ్స్ ఒక మెలిక పెట్టాడు. వీధి మలుపులో బండి ఎలా తిప్పాలన్నట్టి మామూలు రూల్స్ వాళ్లకూ వర్తించవచ్చు అన్నాడు. ఫెడరల్ ఉద్యోగికే ఇంత అనుమానంగా ఇచ్చిన వెసులుబాటు, పక్క రాష్ట్రం పోలీసుకు ఎక్కడినుంచి వస్తుంది?

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మరి గొడవ దేనికి? ఆనవాయితీ వల్ల. దాన్ని వాళ్లు 'ప్రొఫెషనల్ కర్టసీ' అంటారు. ఇవాళ నేను నిన్ను వదిలేస్తాను, రేపు మీ ఊళ్లో నువ్వు నా వాళ్లను వదిలెయ్. ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం. వాయినం తిరిగి రాకపోతేనే పేచీ. టికెట్ రాసిన ఆఫీసర్‌ది ఏ డిపార్ట్‌మెంటో కనుక్కుని, 'మీ వాడు మా వాడికి రాశాడు, గుర్తుపెట్టుకుంటాం' అనేదాకా పోతుంది.

ఆ గుర్తుపెట్టుకోవడం ఎలా ఉంటుందో ఫ్లోరిడాలో తెలిసింది. అక్కడ ఇద్దరూ ఒకే రాష్ట్రం వాళ్లు, ఏజెన్సీలే వేరు. 2011 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఒక మయామి పోలీసు కారు టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద గంటకు 120 మైళ్లు, అంటే దాదాపు 193 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఫ్లోరిడా హైవే పెట్రోల్‌కు చెందిన ఒక మహిళా ట్రూపర్ కొన్ని నిమిషాలు వెంటాడి ఆపింది. తుపాకీ చూపించి దింపింది, బేడీలు వేసింది. ఆయన యూనిఫామ్‌లోనే ఉన్నాడు, కానీ డ్యూటీలో లేడు. ఖాళీ టైములో చేసే ఇంకో ఉద్యోగానికి వెళ్తున్నాడు.

తర్వాత ఏడాదికి ఆయన ఉద్యోగం పోయింది. అయితే ఈలోపు ట్రూపర్‌కు జరిగింది ఇంకా దారుణం. ఆకతాయి ఫోన్లు, ఆర్డర్ చేయని పిజ్జాలు, ఇంటి ముందు ఆగి నిలబడే తెలియని కార్లు. ఎక్కడుందో ఎలా తెలిసింది? డ్రైవింగ్ లైసెన్స్ డేటాబేస్‌లోంచి. ఆమె వేసిన దావా ప్రకారం, పాతిక ఏజెన్సీలకు చెందిన 88 మంది పోలీసులు ఆమె వివరాలను 200 సార్లకు పైగా తెరిచి చూశారు. 1994 నాటి ఫెడరల్ చట్టం కింద, అవసరం లేకుండా అలా చూస్తే ఒక్కోసారికి కనీసం 2,500 డాలర్ల పరిహారం అడగొచ్చు. నాకు ఆ 120 మైళ్ల కంటే ఈ 200 సార్లే ఎక్కువ భయం పుట్టిస్తాయి. వేగం ఒక మనిషి తప్పు. ఇది పాతిక ఆఫీసుల్లో కూర్చుని నింపాదిగా చేసినది.

ఆ సంఘటన చూసి సన్ సెంటినెల్ పత్రిక ఒక పని చేసింది. పోలీసు కార్లకు టోల్ ట్రాన్స్‌పాండర్లు, అంటే మన ఫాస్టాగ్ లాంటివి ఉంటాయి కదా. ఒక టోల్ గేటు ఎన్నింటికి దాటారు, తర్వాతి గేటు ఎన్నింటికి దాటారు, మధ్య దూరం ఎంత? ఇంక మిగిలింది భాగహారమే. దాదాపు 800 మంది పోలీసులు 90 నుంచి 130 మైళ్ల మధ్య నడిపారని, చాలామంది డ్యూటీకి వెళ్తూనో ఇంటికి వెళ్తూనో అలా నడిపారని తేలింది. 2013లో ఆ పత్రికకు పబ్లిక్ సర్వీస్ విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. రాడార్ గన్ అక్కర్లేకుండా, ఎవరితోనూ తగాదా పడకుండా ఇంతమందిని పట్టుకోవడం ఆ ట్రూపర్‌కు ఎంత ఊరటనిచ్చి ఉంటుందో!

అదే 2011 అక్టోబర్ చివర్లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో టికెట్లు మాయం చేసిన వ్యవహారానికి సంబంధించి 16 మంది పోలీసులను కోర్టులో హాజరుపరిచారు. బయట వందలమంది సహోద్యోగులు గుమిగూడారు. చేతుల్లో ప్లకార్డులు: 'ఇది మర్యాద, నేరం కాదు'. ఆ నగరంలో యూనియన్ ఇచ్చే కర్టసీ కార్డులు కూడా ఉన్నాయి. పోలీసులు వాటిని ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ పంచుతారు. 2018లో పనిలో ఉన్న ఒక్కొక్కరికి ఇచ్చే కార్డులను 30 నుంచి 20కి తగ్గించారు. కార్డు చూపించినవాళ్లకు కూడా టికెట్ రాశాననీ, అందుకే నన్ను ట్రాఫిక్ విభాగం నుంచి తీసేశారనీ ఒక ఆఫీసర్ 2023లో దావా వేశాడు. మరుసటి ఏడాది నగరం 1,75,000 డాలర్లిచ్చి రాజీ చేసుకుంది.

అవతలివాళ్ల వాదన కూడా చెప్పాలి. టికెట్ రాయడం, హెచ్చరించి పంపడం ఆఫీసర్ విచక్షణకే వదిలారు. మీకైనా నాకైనా ఒక్కోసారి వార్నింగ్‌తో సరిపెడతారు. మరి తోటి పోలీసుకు ఎందుకు ఇవ్వకూడదు అంటారు. ఇవ్వొచ్చు. మొదటి తప్పు, రోడ్డు ఖాళీ, పది మైళ్లు ఎక్కువ అయితే ఎవరినైనా వదిలేసే ఆఫీసర్ పోలీసునూ వదిలేస్తే నాకు అభ్యంతరం లేదు. బ్యాడ్జి చూశాకే మనసు మారితే అది విచక్షణ కాదు.

మన న్యూజెర్సీ ఆయన్ని వర్జీనియాలో రోడ్డు పక్కనే వదిలేసి వచ్చాం. అక్కడ లిమిట్ కంటే 20 మైళ్లు ఎక్కువైనా, ఏ రోడ్డు మీదైనా 85 దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగ్. 2020 దాకా ఆ గీత 80 దగ్గర ఉండేది. అది మామూలు జరిమానా కాదు, క్రిమినల్ కేసు. గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. ఉద్యోగంలో ఉన్న పోలీసుకు క్రిమినల్ రికార్డు ఎంత టెన్షనో వేరే చెప్పాలా? ఒక మనిషి కొలువు పోతుందేమోనన్న జాలి ట్రూపర్‌కు ఉంటుంది, దాన్ని తప్పుపట్టలేను. కానీ అంతకుముందు గంటలో అదే వేగానికి ఆపిన నర్సుకో లారీ డ్రైవర్‌కో కూడా కొలువు ఉంది కదా.

ఇప్పుడు చాలా డిపార్ట్‌మెంట్లలో ట్రూపర్ ఛాతీ మీద కెమెరా ఉంటోంది. 'నేనూ డిపార్ట్‌మెంట్ వాడినే' అన్న మాట రికార్డవుతుంది. అందుకని తెలివైనవాడు ఆ మాట అనడు. లైసెన్స్ అడిగితే పర్సు విప్పుతాడు. లైసెన్స్ పక్క అరలోనే బ్యాడ్జి మెరుస్తూ ఉంటుంది. లైసెన్స్ బయటికి తీయడానికి కాస్త ఎక్కువసేపే పడుతుంది.