బిందె ఎత్తే తీరు

శ్రోతలందరికీ నమస్కారం.

పాతికేళ్లకు పైగా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. నా దగ్గర చదువుకున్న కుర్రాళ్లు ఇప్పటికీ ఇంటికొస్తుంటారు. ఈమధ్య వస్తున్నవాళ్లలో కొందరు గుమ్మంలోనే ఓ చెయ్యి నడుం మీద వేసుకుని నిలబడుతున్నారు. "మాస్టారూ, జిమ్ములో స్క్వాట్లు మానేయమంటారా?" అని అడుగుతారు. స్క్వాట్లంటే బరువు మోస్తూ గుంజీల్లా కూర్చుని లేవడం. కుర్చీ వేస్తే రెండు చేతులూ తొడల మీద ఊని మెల్లగా కూలబడతారు. ఇరవై రెండేళ్ల పిల్లాడు అలా కూర్చుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ బాధ నాకు తెలుసు. ముప్ఫై ఒకటో ఏట, బరువులు తగిలించే ఇనుప బార్ మీద 80 కిలోలు పెట్టుకుని ఐదోసారి పైకి లేస్తుంటే నడుంలో కటుక్కుమంది. పది రోజులు మంచం దిగాలంటే ముందు బోర్లా తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, ఆ తర్వాత గోడ పట్టుకుని లేచేవాణ్ని. అప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి మీకు చెప్పాలని వచ్చాను. మనకు కావలసింది కాళ్లకు బలం. ఆ బరువంతా వెన్ను మీదుగానే కాళ్లకు చేరాలన్న నియమం లేదు.

మెడ కింద, భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చున్నామనుకోండి. పడిపోకుండా ఉండాలంటే ఆ బార్ పాదాల మధ్యభాగానికి సరిగ్గా పైనే ఉండాలి. అందుకని ఒళ్లు ముందుకు వంగుతుంది. తొడలు పొడుగున్నవాళ్లకు ఇంకా ఎక్కువ వంగుతుంది. వంగినకొద్దీ ఆ బరువును మోసే శ్రమ నడుం కింది భాగం మీద పడుతుంది. మరీ కిందికి దిగితే చాలామందికి తుంటి లోపలికి ముడుచుకుని నడుం గుండ్రంగా అయిపోతుంది. బరువు మీద ఉండగా నడుం అలా పదేపదే ముడుచుకుంటే డిస్కులకు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలకు, చేటు చేయొచ్చు.

ఇప్పుడు నూతి గట్టు మీద నిండు బిందె ఎత్తే అమ్మమ్మను తలుచుకోండి. ఆవిడ చేతులు చాచి ఎత్తదు. గొంతుక్కూర్చుని, బిందెను దగ్గరికి లాక్కుని, కడుపుకు ఆనించుకుని లేస్తుంది. ఒళ్లు నిటారుగా ఉంటుంది. జిమ్ములో దీన్ని గోబ్లెట్ స్క్వాట్ అంటారు. డంబెల్‌ను నిలువుగా పట్టుకుని, పై ప్లేటు కింద రెండు అరచేతులూ పెట్టి, గుండెకు ఆనించుకోవాలి. బరువు ముందువైపు ఉంటుంది కనుక కావడిలో రెండో బుట్టలా తూకం సరిపోతుంది. వెనక్కి కూర్చున్నా పడిపోము, ముందుకు వంగాల్సిన అవసరం తగ్గుతుంది.

డంబెల్ లేకపోతే ఐదు లీటర్ల నీళ్ల డబ్బా చాలు. అలవాటయ్యాక పది కిలోల బియ్యం సంచిని హత్తుకోండి. వెనకాల ఓ కుర్చీ వేసుకోండి. మడమలు లేవకుండా, మూడు లెక్కపెడుతూ దిగి, కుర్చీకి తగిలీ తగలగానే లేవండి. మోచేతులు తొడల మధ్యకు దిగాలి. పక్కనుంచి ఎవరిచేతనైనా ఫోనులో వీడియో తీయించుకుంటే, ఏ ఎత్తు దగ్గర నడుం గుండ్రమవుతోందో మీకే కనిపిస్తుంది. అంతకు కాస్త పైనే ఆగండి. లోతు తగ్గిందని చిన్నబుచ్చుకోవద్దు.

కాళ్లకు ఇంకా పని కావాలంటే ఒంటికాలి వ్యాయామాలు చేయండి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, వెనక మోకాలు నేలకు దగ్గరయ్యేదాకా నిలువునా దిగి లేవాలి. దీన్ని స్ప్లిట్ స్క్వాట్ అంటారు. చేతికి పదేసి కిలోలు పట్టుకుంటే వెన్ను మీద అదనంగా పడేది ఇరవై కిలోలే. కానీ ఒంటి బరువులో చాలా భాగాన్ని ముందు తొడ ఒక్కటే మోస్తుంది కాబట్టి, మర్నాడు ఆ తొడ బాగా తెలుస్తుంది. మొదట్లో ఏ బరువూ వద్దు, గోడ పట్టుకుని చేయండి.

మెట్లు ఎక్కడం కూడా ఈ కోవలోదే. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు తెలుసు, ప్రతి మెట్టు దగ్గరా ఒక్క కాలే ఒళ్లంతటినీ పైకి లేపుతుంది. ఇంట్లో ఒక గట్టి పీట చాలు. కింది కాలితో నేలను తన్నకుండా, పై కాలి బలంతోనే లేవాలి. అదే అసలు కిటుకు.

పెద్ద జిమ్ముల్లో బెల్ట్ స్క్వాట్ యంత్రం ఉంటుంది. బరువు తుంటికి కట్టిన పట్టీ నుంచి వేలాడుతుంది, వెన్ను మీద ఏమీ ఉండదు. దొరికితే వదలొద్దు. కూర్చుని కాళ్లతో బరువును నెట్టే లెగ్ ప్రెస్ యంత్రాన్ని మాత్రం, వీపుకు ఆసరా ఉంది కదా అని గుడ్డిగా నమ్మకండి. మోకాళ్లు రొమ్ము దాకా వస్తే పిరుదులు సీటు నుంచి లేచి, నడుం మళ్లీ ముడుచుకుంటుంది.

బార్‌బెల్‌ను నేను శత్రువు అనడం లేదు. మా శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగులో ఒక పద్ధతిలో 110, ఇంకో పద్ధతిలో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ 130 కిలోలను ముందు భుజాల మీద అందుకుని, అక్కడినుంచి తలపైకి ఎత్తింది. దాని వెనక ఏళ్ల తరబడి గురువుల పర్యవేక్షణ ఉంది. ఆ సాధన లేకుండా ఆ బరువుల కోసం పరిగెత్తడమే నాకు భయం. మన తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, బస్కీలు తీసిన మల్లులు ఎక్కువగా ఒంటి బరువుతోనే తొడలు పెంచారు.

ఇంకో మాట. నిద్ర లేవగానే బరువులు ఎత్తకండి. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. గంటా రెండు గంటలు తిరగాడాక చేయండి.

నొప్పి నడుం దాటి పిక్క దాకా పాకుతుంటే, ముందు డాక్టరుకు చూపించుకున్నాకే ఇవన్నీ. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లండి. తెల్లారాక చూద్దామనుకోవద్దు.

సెలవు, నమస్కారం.