బీరువాలో ఉన్నవన్నీ మన చీరలేనా?

అందరికీ నమస్కారమండి. దసరా వస్తోంది, బీరువాలు సర్దుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కమిటీవాళ్ళు. నేను ముందే చెప్పేస్తాను, మన బీరువాలు నిండేది మనం కొనుక్కున్న చీరలతో కాదు, మనకి పెట్టిన చీరలతో. గృహప్రవేశానికి ఒకటి, ఒడిబియ్యానికి ఒకటి, ఎవరింట్లోనో ఓణీల ఫంక్షన్‌కి ఒకటి, షాపుల్లో పెట్టుబడి చీరలని కట్టలు కట్టలుగా అమ్ముతారు చూడండి, అవే. వాటికి ఫాల్ వేయించం, జాకెట్టు కుట్టించం, కవర్ కూడా విప్పం, అలాగని ఎవరికైనా ఇచ్చేద్దామంటే పెట్టినావిడ ఏమనుకుంటుందోనని మనసొప్పదు.

అందుకే సర్దేటప్పుడు ఇది కడతానా లేదా అని కాదు, ఇది నేను ఇష్టపడి తెచ్చుకున్నదేనా అని చూడండి. కాదనుకున్నవన్నీ ముందు మంచం మీదకి తీసేయండి, జాకెట్టు ముక్కలతో సహా. అమ్మ ఇచ్చిన చీరల జోలికి మాత్రం వెళ్ళకండి, అవి కట్టకపోయినా ఉండాల్సినవే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఆ ఇరుకులో పాడైపోయేది మన మంచి పట్టుచీరలే. కంచి చీరైనా ధర్మవరం చీరైనా కింద పడేసి పైన ఇరవై చీరలు పేర్చి ఏళ్ళ తరబడి అదే మడత మీద ఉంచితే, ఒకరోజు పెళ్ళికని విప్పినప్పుడు మడత గీత వెంబడే జరీ పుటుక్కున తెగుతుంది, పట్టు చీలికలైపోతుంది, ఇక రఫూ చేయించినా ఆగదు. మూడు నాలుగు నెలలకోసారి తీసి, నీడలో కాసేపు ఆరేసి, మడత మార్చి పెట్టాలి. ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది, ఉతికిన పాత కాటన్ పంచెలో చుట్టండి చాలు. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు, గుడ్డలో మూటకట్టి ఓ మూల పెట్టండి. ఇనప హ్యాంగర్లు అసలొద్దు, తుప్పు మరక పడితే పోదు. ఇవన్నీ చెయ్యాలంటే బీరువాలో చెయ్యి ఆడేంత ఖాళీ ఉండాలి కదండీ.

బాగా పాతబడి చిరిగిన పట్టుచీరలుంటే, వీధిలోకొచ్చి కొంటామనేవాళ్ళకి తొందరపడి ఇచ్చేయకండి. వాళ్ళు కొనేది జరీలో ఉండే వెండి కోసం. ఒక పోగు గోకి చూడండి, లోపల ఎర్ర పట్టుదారం కనిపిస్తే మామూలుగా అది వెండి జరీయే, అప్పుడు ధర అడిగి తీసుకోండి.

మెత్తబడ్డ కాటన్ చీరలు బొంత కుట్టించుకోవచ్చు, లేదా గూంజ్ అని 1999లో ఢిల్లీలో మొదలైన సంస్థ ఉంది, వాళ్ళు అలాంటి కాటన్ గుడ్డతో పల్లెల్లో ఆడవాళ్ళకి నెలసరి ప్యాడ్లు తయారు చేస్తారు. సింథటిక్ మాత్రం చెత్తబుట్టలో వేస్తే మన హైదరాబాద్ చెత్తంతా చేరే జవహర్‌నగర్ డంప్‌యార్డ్‌కి వెళ్ళి ఏళ్ళ తరబడి కుళ్ళకుండా అక్కడే పడుంటుంది, అది ప్లాస్టిక్ జాతే.

ఇంకో మాట, మన ఇంట్లో పనిచేసే అమ్మాయికి అన్నీ కట్టగట్టి ఇచ్చేయకండి. ఆమెది ఒకే గది ఇల్లు కావచ్చు, మనకి చోటు లేనివి ఆమె ఎక్కడ పెట్టుకుంటుంది? పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, నీకు నచ్చినవి తీసుకోమ్మా అనండి, వద్దంటే బలవంతపెట్టకండి.

ఎంత సర్దినా మనం పెట్టడం మానకపోతే వచ్చే శ్రావణమాసానికి మళ్ళీ ఇదే కథ. పదిమందికి పది సింథటిక్ చీరలు పెట్టే బదులు దగ్గరి ఇద్దరికి మంగళగిరి కాటనో వెంకటగిరో పెట్టండి, కట్టుకుంటారు, నేసినవాళ్ళకీ నాలుగు రూపాయలు వెళ్తాయి. మిగతావాళ్ళకి పసుపు కుంకుమ, పండు, తాంబూలం చాలు. పెద్దవాళ్ళు మనం మొదలుపెడితేనే కోడళ్ళకి ఆ ధైర్యం వస్తుంది.

ఇలా తీసేసిన చీరలు తెచ్చి పెట్టడానికి ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాల్లో బల్లలు వేస్తున్నాం. తెచ్చేవి ఉతికి ఆరేసి తీసుకురండి, చిరిగినవి వేరే సంచిలో పెట్టండి, కవర్ విప్పని చీరలకి మాత్రం ఇంకో బల్ల ఉంటుంది, ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకెళ్ళొచ్చు.