నల్గొండ డాబా మీద రష్ లింబా గురించి పెద్దమనుషుల వాదన

నమస్తే అండీ అందరికీ. ఈ వీడియోలో షాపింగ్ లేదు, హోటల్ తిండి లేదు. నల్గొండలో మా పెద్దనాయన వాళ్ల డాబా మీద రాత్రి తొమ్మిది దాటినంక ముగ్గురు పెద్దమనుషులు కూర్చొని, అమెరికా రేడియోలో ముప్పై ఏండ్లకు పైగా రాజకీయాలు మాట్లాడిన ఒక మనిషి గురించి గట్టిగా వాదించుకున్నారు. నేను కెమెరా పిట్టగోడ మీద పెట్టి పక్కన కూర్చున్నాను. చాలా భాగం చీకటిగానే ఉంటుంది, కానీ సౌండ్ బాగా వచ్చింది, అందుకే ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వినండి.

అసలు నల్గొండ పెద్దమనుషులకు ఆ మనిషితో ఏం పని అంటే, నా పాత వీడియో వల్ల. మేముండేది సెయింట్ లూయిస్‌లో. అక్కడి నుంచి కారులో రెండు గంటలు దక్షిణానికి పోతే మిసిసిపీ నది ఒడ్డున కేప్ జిరార్డో అని చిన్న ఊరు వస్తుంది. నది వరద ఊళ్లోకి రాకుండా కట్టిన గోడ మీద మిసోరీ రాష్ట్రంలో పేరు తెచ్చుకున్నవాళ్ల బొమ్మలు వరసగా వేశారు. అందులో రష్ లింబా బొమ్మ ఒకటి, రిపబ్లికన్ పార్టీ వైపు గట్టిగా మాట్లాడిన రేడియో మనిషి ఈయనే. 1951 జనవరి 12న ఆ ఊళ్లోనే పుట్టాడు, అక్కడి ఫెడరల్ కోర్టు బిల్డింగుకు వాళ్ల తాత పేరే ఉంటుంది, అంత పేరున్న లాయర్ల కుటుంబం. నేను ఆ గోడ చూపించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోయాను. మా పెద్దనాయన మాత్రం వీడియో అక్కడ ఆపేసి, మళ్లీ మళ్లీ చూసి, నేను ఇంటికి రాగానే బ్యాగులు కూడా దించకముందే అడిగిండు: "ఏం బిడ్డా, గా రేడియో ఆయన మీ పక్క ఊరాయననేనా? మరి గా ముచ్చట సక్కగ చెప్పకపోతివి."

పెద్దనాయన హెడ్మాస్టర్‌గా రిటైర్ అయ్యారు. ఆయనకు రేడియో అంటే పాటలు కాదు, షార్ట్‌వేవ్, అంటే దూరదేశాల స్టేషన్లు పట్టే రేడియో. వీళ్లది చిన్న గుంపు. ఒకాయన కరెంటాఫీసులో లైన్‌మెన్‌గా చేసి రిటైర్ అయ్యారు, నేను మామా అని పిలుస్తాను. ఇంకొకాయనకు గడియారం సెంటర్ దగ్గర పుస్తకాల షాపు ఉండేది, అందరికీ ఆయన కాకానే. ఒకప్పుడు ఇంకా చాలామంది వచ్చేవాళ్లట, ఇప్పుడు ఈ ముగ్గురే మిగిలారు.

వీళ్లు రేడియో వినే పద్ధతి దగ్గరి నుంచి చూడాల్సిందే. ముందు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులన్నీ ఆపేస్తారు, ఇన్వర్టర్ కూడా ఆపేస్తారు, ఎందుకంటే వాటి నుంచి వచ్చే గరగర షార్ట్‌వేవ్‌ను మింగేస్తుంది. కింద వంటింట్లో నుంచి పెద్దమ్మ "కూర సగం ఉడికింది, జర ఆగుండ్రి" అని అరుస్తుంటే కూడా ఆపేస్తారు. వాటర్ ట్యాంకు నుంచి వేపచెట్టు దాకా కట్టిన రాగి తీగ కొసను క్లిప్పుతో రేడియో ఏరియల్‌కు తగిలిస్తారు. తర్వాత పెద్దనాయన బొటనవేలు, చూపుడువేలు మాత్రమే కదులుతాయి, చక్రాన్ని వెంట్రుకవాసి ముందుకు తిప్పి, మళ్లీ అందులో సగం వెనక్కి తిప్పి, ఊపిరి బిగబట్టి ఆగుతారు. గొంతు దగ్గరికి వస్తుంది, మళ్లీ దూరం పోతుంది. పైన అయనావరణానికి తగిలి కిందికి దిగే తరంగాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకదాన్నొకటి కొట్టుకోవడం వల్ల అట్లా అవుతుందని లైన్‌మెన్ మామ నాకు చేతులతో చూపించి మరీ చెప్పారు. పొద్దుగూకినంక 49 మీటర్ల, 31 మీటర్ల బ్యాండ్లు బాగుంటాయి, పగటిపూట 19, 16 అట్లా.

పక్కన నోటుబుక్కు ఉంటుంది. తారీఖు, జీఎంటీ టైము, ఫ్రీక్వెన్సీ, చివర అయిదు అంకెలు. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ అడ్డం, గరగర, హెచ్చుతగ్గులు, మొత్తం మీద ఎట్లా ఉందన్న లెక్క, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కు. అదే రిపోర్టు రాసి స్టేషన్‌కు పంపితే, మీరు విన్నది మా స్టేషనే అని ఒప్పుకుంటూ వాళ్లు క్యూఎస్ఎల్ కార్డు పంపేవారు. పెద్దనాయన దగ్గర బిస్కట్ డబ్బా నిండా అవే కార్డులు.

సరే, రష్ లింబా దగ్గరికి వస్తాను. ఆయన షో 1988 ఆగస్టు 1న దేశమంతా మొదలైంది, అప్పుడు 56 స్టేషన్లు, తర్వాత 600 దాటాయి. అమెరికా తూర్పు టైము ప్రకారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, అంటే మనకు ఎండాకాలంలో రాత్రి 9:30 నుంచి పన్నెండున్నర దాకా. వారానికి కోటిన్నర మంది వింటారని అంచనా వేసేవాళ్లు. అదంతా అక్కడి ఏఎం స్టేషన్లలో, అంటే మన మీడియం వేవ్ లాంటివాటిలో, కానీ 90లలో న్యూ ఆర్లియన్స్ నుంచి డబ్ల్యూఆర్ఎన్ఓ అనే ప్రైవేటు షార్ట్‌వేవ్ స్టేషన్ కూడా ఆ షో వేసేది. నల్గొండలో అది పట్టిందా అని అడిగితే కాకా తల అడ్డంగా ఊపారు, "పేరు పుస్తకంల చదివినం గాని, గొంతు ఇంటిదాక రాలే." అందుకని నేను ఫోన్‌లో పాత రికార్డింగులు పెట్టాను. చిన్న స్పీకర్‌కు కనెక్ట్ చేసి దాదాపు గంటసేపు విన్నారు, మధ్యలో ఆపి నేను అర్థం చెప్పాను, పెద్దనాయనకు ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి చాలాచోట్ల నన్నే సరిదిద్దారు.

పెద్దనాయనకు ఆ మనిషి పనితనం నచ్చింది. "మూడు గంటలు ఒక్కడే, పక్కన ఎవ్వరు లేరు. కాయితాలు గలగలమనిపిస్తడు, బల్ల మీద కొడతడు, అంత సేపు ఆగుతడు. ఆగినప్పుడు మనం ఇంకింత దగ్గరికి జరుగుతం. ఎనుకట మా సార్లు క్లాసుల గట్లనే ఆపేటోళ్లు." ఇది నిజమే అనిపించింది నాకు. నేను కారులో విన్నప్పుడు కూడా ఆ ఆగడం దగ్గరే చెయ్యి స్టేషన్ మార్చబోయి ఆగేది, ఆయన చెప్పేవాటిలో చాలావాటికి నాకు ఒళ్లు మండినా సరే.

లైన్‌మెన్ మామ మాత్రం అస్సలు ఒప్పుకోలేదు. ఆయన పాయింటు ఒక్కటే, "ఎదురు చెప్పేటోడేడి?" ఫోన్ చేసేవాళ్లు చాలామంది ముందే ఆయన మాటకు తాన తందాన అంటారు. ఇక్కడ నేను ఒక విషయం చెప్పాను. 1949 నుంచి అమెరికాలో రేడియో స్టేషన్లకు ఒక నియమం ఉండేది, వివాదం ఉన్న విషయం మాట్లాడితే రెండో పక్షానికి కూడా చోటివ్వాలని. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనేవాళ్లు. ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 1987లో దాన్ని ఎత్తేసింది, మరుసటి ఏడాదే ఈ షో దేశమంతా పోయింది. 1994లో 40 ఏండ్ల తర్వాత రిపబ్లికన్లకు ప్రతినిధుల సభ దక్కినప్పుడు, కొత్తగా గెలిచినవాళ్లు ఈయనను తమ గౌరవ సభ్యుడిగా చేసుకున్నారు, అంటే ఒక రేడియో గొంతుకు ఎంత బలం వచ్చిందో చూడండి. మామ వెంటనే పట్టుకున్నారు: "సూసినవా, అడ్డుకట్ట తీసినంకనే వరద."

కాకా అప్పుడు ఒక మాట అన్నారు, నాకు ఈ మొత్తం రాత్రిలో అదే బాగా నచ్చింది. "మరి మన రేడియోల ఎదురు చెప్పేటోడు ఉండెనా? ఎమర్జెన్సీల ఆకాశవాణి ఏం చెప్పింది? సర్కారు చెప్పిందే చెప్పింది. అందుకేగా మనం చక్రం తిప్పింది." 1984 అక్టోబర్ 31 సంగతి తీశారు. ఇందిరా గాంధీ చనిపోయిన విషయం బీబీసీ మధ్యాహ్నమే చెప్పేసింది, ఆకాశవాణి సాయంత్రం దాకా చెప్పలేదు. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ కూడా ట్రాన్సిస్టర్‌లో బీబీసీయే విన్నారు. కాకా షాపు ముందు ఆ రోజు జనం గుమిగూడారట, ఒకే రేడియో, హిందీ వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్తూ. అప్పుడు కూడా వీళ్లు బీబీసీ ఒక్కదాన్నే నమ్మి ఊరుకోలేదు, వాయిస్ ఆఫ్ అమెరికా ఏమంటుంది, మాస్కో ఏమంటుంది అని రాత్రంతా తిప్పుతూనే ఉన్నారు. ఒకే వార్త నాలుగు నోళ్లలో వింటే ఎవడు ఏం దాస్తున్నాడో తెలుస్తుందని పెద్దనాయన స్కూల్లో పిల్లలకు కూడా చెప్పేవారు.

నాకు ఈ విషయం మీద గట్టి అభిప్రాయం ఉంది, సూటిగా చెప్తాను. ఒక మనిషి మూడు గంటలు ఒక్కడే మాట్లాడడం తప్పు కాదు. వినేవాళ్లు రోజంతా అదే స్టేషన్ పెట్టుకొని, ఏండ్ల తరబడి చెయ్యి కదపకపోవడమే నన్ను భయపెడుతుంది. అమెరికాలో ఆఫీసులో నా పక్కన కూర్చునేవాళ్లలో ఇట్లాంటివాళ్లను చూశాను, ఇక్కడ మన ఇండ్లల్లో ఒకే టీవీ చానల్ పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా మోగుతుంటే కూడా చూస్తున్నాను. రెండింటికీ తేడా నాకు కనిపించలేదు.

ఇంకొకటి, ఆయన ఆడవాళ్ల గురించి మాట్లాడిన తీరు. 2012లో ఒక లా చదివే అమ్మాయి, గర్భనిరోధక మందులు ఇన్సూరెన్సులో రావాలని అన్నందుకు ఆ పిల్లను రేడియోలో పచ్చి బూతుతో తిట్టాడు, ఒకసారి కాదు, రోజుల తరబడి. తర్వాత క్షమాపణ చెప్పాడు, ప్రకటనలిచ్చే కంపెనీలు చాలా వెళ్లిపోయాయి. అదే ఏడాది మే నెలలో మా మిసోరీ అసెంబ్లీ బిల్డింగులో ఆయన విగ్రహం తలుపులు వేసుకొని ఆవిష్కరించారు. ఈ ముచ్చట చెప్పేసరికి డాబా మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పనితనం ఎంత గొప్పదైనా ఈ ఒక్కదాని దగ్గర నేను ఆయనను క్షమించలేను, పెద్దనాయనతో అదే చెప్పాను, ఆయన "నువ్వన్నది న్యాయమే బిడ్డా" అన్నారు.

మళ్లీ మాట ఇంకోవైపు తిరిగింది, అది లైన్‌మెన్ మామ వల్లే. ఆయనకు రెండు చెవులకూ మిషన్లున్నాయి. రేడియో వినేటప్పుడు అవి తీసి జేబులో పెట్టుకొని పెద్ద హెడ్‌ఫోన్ తగిలించుకుంటారు. నేను మాటల్లో చెప్పాను, 2001లో లింబాకు కొన్ని నెలల్లోనే దాదాపు మొత్తం వినికిడి పోయిందని. అయినా షో ఆపలేదు. ఫోన్ చేసినవాళ్ల మాటలు ఎవరో టైపు చేసి స్క్రీన్ మీద చూపిస్తుంటే చదువుకొని జవాబు చెప్పేవాడు, తన గొంతు తనకే సరిగా వినిపించని రోజుల్లో కూడా. డిసెంబర్‌లో ఆపరేషన్ చేసి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల అమర్చే వినికిడి పరికరం పెట్టారు, 2014లో రెండో చెవికి కూడా. మామ హెడ్‌ఫోన్ తీసి, మళ్లీ మిషన్లు పెట్టుకొని, "ఏందీ, మళ్ల చెప్పు" అన్నారు. నేను మొత్తం మళ్లీ చెప్పాను, ఈసారి మెల్లగా. ఆ ఇంప్లాంట్‌తో పాటలు ఎట్లా వినబడతాయని అడిగారు. పాత పాటలైతే మనసులో ఉన్న గుర్తుతో పోల్చుకోగలననీ, కొత్తవి పట్టుకోలేననీ ఆయనే చెప్పుకున్నాడని చెప్పాను. మామ తల ఊపుతూనే ఉన్నారు. "నాకు గదే. రేడియోల గొంతు ఎరుకైనదైతే గరగరల గూడ పడతా. కొత్త గొంతయితే మాట విడిపోదు." అంతసేపు తిట్టిన మనిషి గురించి, "గా ఒక్క విషయంల మాత్రం మొగోడే" అన్నారు.

2020 ఫిబ్రవరి మొదట్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని రేడియోలో చెప్పాడు, మరుసటి రోజే ట్రంప్ అమెరికా పార్లమెంటులో మాట్లాడుతూ అక్కడే ఆయనకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అనే పెద్ద పౌర పురస్కారం ఇప్పించాడు. 2021 ఫిబ్రవరి 17న చనిపోయాడు.

తర్వాత కాకా అమెరికా షార్ట్‌వేవ్ ఇప్పుడు ఎట్లుందని అడిగారు. టెనెసీలో డబ్ల్యూడబ్ల్యూసీఆర్, ఫ్లోరిడాలో డబ్ల్యూఆర్ఎమ్ఐ, మెయిన్ రాష్ట్రంలో డబ్ల్యూబీసీక్యూ లాంటివి నడుస్తున్నాయి, గంటల లెక్కన టైము అమ్ముతాయి, అందుకని పాస్టర్లూ రాజకీయాలు మాట్లాడేవాళ్లూ ఎక్కువ. ఫోన్‌లో వెబ్ఎస్‌డీఆర్, అంటే ఇంటర్నెట్‌లో నడిచే రేడియో, తెరిచి చూపించాను. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీలో పెట్టిన రిసీవర్‌ను మనం నల్గొండలో కూర్చొని తిప్పుకోవచ్చు. ముగ్గురూ వంగి చూశారు. పెద్దనాయన రెండు నిమిషాలు వేలితో జరిపి, ఫోన్ నా చేతికిచ్చి తన రేడియో దగ్గరికే పోయారు. కాకా మాత్రం వదల్లేదు, నా ఛార్జర్ కూడా ఆయన దగ్గరే ఉంది.

ఇక్కడ బాధ కలిగించే విషయం ఏందంటే, తిప్పడానికి చక్రం ఉంది కానీ స్టేషన్లు తగ్గిపోతున్నాయి. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న ఆగిపోయింది. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా ఉద్యోగులను ఇండ్లకు పంపినప్పుడు ఆ ఫ్రీక్వెన్సీల్లో ఉత్త గరగర మిగిలిందని పెద్దనాయన నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు, ఆ పేజీ వీడియోలో చూపించాను, చూడండి.

ఒక పని మాత్రం మీతో ఉంది. మామ అడిగేది, లింబాకు ఎదురు పక్షం వాళ్లు రేడియోలో ఎట్లా మాట్లాడేవాళ్లో కూడా వినాలని, అప్పటిదాకా తీర్పు చెప్పనని. అమెరికాలో ఉన్న మనవాళ్లు మీ ఊరి ఏఎం స్టేషన్లలో రాజకీయాల షోలు ఏ పార్టీవైనా సరే, ఒక పావుగంట ముక్కలు రికార్డు చేసి ఊరి పేరు, టైము చెప్పి నాకు పంపండి. కొంచెం స్పష్టంగా ఉన్నవి పంపండి, మామ మిషన్లతో వినాలి కదా. నేను తిరిగి వెళ్లేలోపు వస్తే డాబా మీదే పెడతాను, లేకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసి కాకాకు ఇచ్చి పోతాను.