చలికాలం స్వెటర్‌కు వానాకాలంలోనే తొలి ముడి

(దృశ్యం: బల్ల మీద సగం అల్లిన స్వెటర్. ఒక చేయి పూర్తయింది. రెండో చేయి మణికట్టు దగ్గర ఆగిపోయి, సూదులు ఇంకా గుచ్చే ఉన్నాయి.)

ఈ స్వెటర్‌ను చూడండి. ముందూ వెనకా అయిపోయాయి, ఎడమ చేయి అయిపోయింది. కుడి చేయి మణికట్టు దాటలేదు. చలి మొదలైన వారంలో ఎంతో ఉత్సాహంగా దీన్ని మొదలుపెట్టారు. కుడి చేతి దాకా వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఆ ఉక్కపోతలో ఒళ్లో ఊలు మోసుకుని కూర్చోవడం ఎవరి తరం? అటక ఎక్కింది. అల్లింది నేనే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. చేతులు బాగానే పనిచేశాయి, లెక్కే తప్పింది.

(దృశ్యం: చిన్న గది. పొడవాటి బల్ల, చుట్టూ ఎనిమిది కుర్చీలు. గోడ అరల్లో రంగురంగుల చిలపలు.)

నేనొక చిన్న అల్లికల స్టూడియోలో నేర్పుతాను. మా తరగతుల పట్టిక చూసి కొత్తవారు తరచూ నవ్వుతారు. వానాకాలం మొదట్లో స్వెటర్, ఎముకలు కొరికే చలిలో నూలు శాలువా! తేదీలు తారుమారయ్యాయేమో చూసుకోండని ఒకరు ఫోను కూడా చేశారు. తారుమారు కాలేదు. అది కావాలనే ఒక కాలం ముందు నడుస్తుంది. ఎందుకో కాగితం మీద చూద్దాం.

(దృశ్యం: తెల్లకాగితం, పెన్సిలు. అంకెలు చేత్తో రాస్తుండగా కనిపించాలి.)

మధ్యరకం కంటే కాస్త సన్నని ఊలు తీసుకుందాం. పది సెంటీమీటర్ల వెడల్పులో 22 కుట్లు, పది సెంటీమీటర్ల ఎత్తులో 30 వరసలు వస్తున్నాయి. ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లయితే చుట్టూ 220 కుట్లు. పొడవు 60 సెంటీమీటర్లయితే 180 వరసలు. గుణిస్తే 39,600. ఇది ఒంటి భాగం మాత్రమే. రెండు చేతులకూ కలిపి ఇంకో 20 వేలు వేసుకోండి. ఒక్క స్వెటర్‌లో దాదాపు 60 వేల కుట్లు.

కొత్తవారు నిమిషానికి 15 కుట్లు వేశారనుకున్నా 4,000 నిమిషాలు. అంటే 66 గంటల పైమాటే. వారానికి రెండు గంటల తరగతి, ఇంట్లో మరో మూడు గంటల సాధన. 13 వారాలు దాటుతాయి. అదీ ఒక్క వరస కూడా విప్పకుండా ఉంటే. విప్పకుండా అల్లినవారిని నేనింతవరకు చూడలేదు.

చలి పుట్టాక స్వెటర్ తరగతిలో చేరడం దప్పికైనప్పుడు బావి తవ్వడం లాంటిదే. వేసుకునే రోజు ఏదో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ఎక్కడ ఆగారో అదే మీ తరగతి మొదలయ్యే వారం.

(దృశ్యం: ఎడమవైపు రెండు సూదుల మీద అల్లిక. కుడివైపు ఒకే కొక్కెపు సూదితో క్రోషే. రెండూ ఒకే రంగు ఊలు.)

సరే, ఏ తరగతి? నిట్టింగా, క్రోషేనా? ఈ తేడా తెలియకుండానే చాలామంది డబ్బు కట్టేస్తారు.

మగ్గం మీద బట్టకు పడుగు వేరు, పేక వేరు. ఇక్కడ ఆ పేచీ లేదు. ఒకే పోగు తనలోంచి తానే దూరుతూ బట్టగా మారుతుంది. నిట్టింగ్‌లో ఆ వరసలోని లూపులన్నీ తెరుచుకుని సూది మీద కూర్చుని ఉంటాయి. 220 కుట్లంటే 220 నోళ్లు. సూది జారిందా, అన్నీ ఒకేసారి దిక్కులు చూస్తాయి. ఒక్క కుట్టు తప్పిపోయినా నిచ్చెన మెట్లలా కిందివరకు జారుకుంటూ పోతుంది. క్రోషేలో మామూలుగా ఒక సమయంలో ఒక్క లూపే తెరిచి ఉంటుంది. మిగతావన్నీ ఎప్పటికప్పుడు మూసుకుపోతాయి. పని మధ్యలో తలుపు తట్టినవారికి తలుపు తీసి వచ్చి, ఆ ఒక్క లూపులో సూది దూర్చి కొనసాగించవచ్చు.

ఇంతకీ నిట్టింగ్‌లో జారిన కుట్టును పైకి లాక్కొచ్చేది దేనితో? క్రోషే సూదితోనే! అందుకే సూదుల వారి సంచిలో కొక్కెం ఒకటి తప్పకుండా ఉంటుంది.

బట్ట స్వభావం కూడా వేరు. అదే ఊలుతో అల్లితే నిట్టింగ్ సాగుతుంది, ఒంటికి ఒదుగుతుంది. క్రోషే బట్ట మందంగా, బిగువుగా నిలబడుతుంది. మేజోళ్లకూ స్వెటర్లకూ సూదులు, బుట్టలకూ సంచులకూ బొమ్మలకూ కొక్కెం అని మొదట్లో పెట్టుకోండి. తర్వాత ఆ నియమాన్ని మీరే చెరిపేస్తారు.

ఒక చిన్న ముచ్చట. నిట్టింగ్‌కు యంత్రం 1589లోనే వచ్చింది, ఇంగ్లాండులో విలియం లీ చేతిలో. అసలైన క్రోషేను అల్లే యంత్రం మాత్రం ఇప్పటికీ మార్కెట్లోకి రాలేదు. క్రోషే యంత్రాలని పిలిచేవి నిజానికి మరో రకం నిట్టింగ్ యంత్రాలు. దుకాణంలో అసలైన క్రోషే టోపీ చవకగా కనిపిస్తే, ఒక మనిషి వేళ్లు దాన్ని కుట్టు కుట్టుకూ అల్లాయని గుర్తు చేసుకుని ఆ ధరను మళ్లీ చదవండి.

(దృశ్యం: కిటికీలోంచి ఎండ. బల్ల మీద పత్తి నూలు ఉండలు. కొక్కెపు సూది గుండ్రని చక్రాన్ని అల్లుతూ ఉంటుంది.)

ఎండాకాలం కొత్తవారికి క్రోషే కాలం. ఊలు చెమట చేతులకు అతుక్కుంటుంది, పైగా పెరిగే కొద్దీ ఒళ్లో దుప్పటిలా పరుచుకుంటుంది. పత్తి నూలుతో అల్లే చిన్న వస్తువు అరచేతిలోనే ఉంటుంది. మేము బుట్టతో మొదలుపెడతాం.

ఇందులో నాకెంతో ఇష్టమైన లెక్క ఒకటుంది. మొదటి చుట్టులో 6 కుట్లు. రెండో చుట్టులో 12, మూడో చుట్టులో 18, తర్వాత 24. చుట్టుకు ఆరేసి పెంచుకుంటూ పోతే చక్రం బల్లపరుపుగా పరుచుకుంటుంది. పెంచడం ఆపండి, అంచులు లేచి గిన్నె అవుతుంది. ఆరు కంటే ఎక్కువ పెంచండి, పావడా కుచ్చిళ్లలా అలలు తేలుతుంది. బుట్టకూ టోపీకీ బొమ్మ తలకాయకూ ఇదే సూత్రం. ఈ అంకెలు పొట్టి కుట్టుకే వర్తిస్తాయి. పొడుగు కుట్టయితే ఒక్కో చుట్టుకు ఇంకా ఎక్కువ పెంచాలి.

పొట్టి కుట్టంటే గుర్తొచ్చింది. నమూనా కాగితం మీద పేర్లు చూసి మోసపోకండి. అమెరికావారి సింగిల్ క్రోషే, బ్రిటన్‌వారి డబుల్ క్రోషే ఒకటే, రెండూ ఈ పొట్టి కుట్టే. అమెరికావారి డబుల్‌ను బ్రిటన్‌లో ట్రెబుల్ అంటారు. ఏ దేశపు నమూనానో చూడకుండా మొదలుపెడితే బుట్ట కావలసింది జల్లెడ అవుతుంది.

పత్తికి సాగి వెనక్కి వచ్చే గుణం తక్కువ. తప్పును కప్పిపుచ్చదు, గంట సేపు అల్లితే వేళ్లు నొప్పెడతాయి. అందుకే ఎండాకాలం తరగతిలో అరగంటకోసారి సూదులు కింద పెట్టిస్తాను.

(దృశ్యం: కిటికీ అద్దం మీద వాన. బల్ల మీద పది సెంటీమీటర్ల చదరపు నమూనా ముక్క, పక్కన స్కేలు.)

వానాకాలం స్వెటర్‌ది. తొలి తరగతిలో స్వెటర్ ఎవరూ మొదలుపెట్టరు. అరచేతికంటే కాస్త పెద్ద నమూనా ముక్క అల్లుతారు, ఉతుకుతారు, ఆరబెడతారు. తర్వాతి వారం దాని మీద స్కేలు పెట్టి కుట్లు లెక్కపెడతారు. దీన్ని గేజ్ చూడడం అంటారు. ఎప్పుడూ ఎవరో ఒకరు ముఖం ముడుచుకుంటారు, రెండు గంటలు పోయాయని.

వారికి నేను చెప్పేది ఇదే. నమూనా ముక్కలో పది సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలి. మీ చేతి వదులుకు 20 వచ్చాయి. రెండే కదా అని వదిలేసి 220 కుట్లు ఎక్కించారు. ఛాతీ 100 సెంటీమీటర్లు రావలసింది 110 అవుతుంది. ఆ పది సెంటీమీటర్లను 66 గంటల తర్వాత అద్దం ముందు కనిపెట్టడం కంటే, రెండు గంటలప్పుడు స్కేలు మీద కనిపెట్టడం నయం. పరిష్కారం కూడా సులువే, ఒక సైజు సన్నని సూదులు. చేతిని బిగించి అల్లాలని మాత్రం ప్రయత్నించకండి, పది వరసల తర్వాత అది మళ్లీ తన దారికే వస్తుంది.

ఇదే వారంలో ఊలు మొత్తం ఒకేసారి కొనేయాలి. ఒకే తొట్టెలో అద్దిన ఊలు మీద ఒకే లాట్ సంఖ్య ఉంటుంది. రెండు నెలల తర్వాత అదే రంగని తెచ్చిన ఉండ వేరే తొట్టెది కావచ్చు. ఉండగా ఉన్నప్పుడు తేడా తెలియదు. అల్లాక ఛాతీకి అడ్డంగా గీత గీసినట్టు కనిపిస్తుంది.

(దృశ్యం: అల్లిన ముక్క అంచులు చుట్టుకుపోతూ ఉంటాయి. ఒక వేలు దాన్ని చదును చేస్తుంది, మళ్లీ చుట్టుకుంటుంది.)

మూడో వారంలో అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. నా అల్లిక ఎందుకు చాపలా చుట్టుకుంటోంది? నిట్టింగ్‌లో మూల కుట్లు రెండు, నిట్, పర్ల్. నిట్ కుట్టుకు వీపు పర్ల్ కుట్టు. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తూ పోతే ముందువైపు అన్నీ నిట్, వెనకవైపు అన్నీ పర్ల్ పడతాయి. రెండు ముఖాల బిగువు ఒకటి కాదు కాబట్టి పక్క అంచులు వెనక్కీ, పై కింది అంచులు ముందుకూ తిరుగుతాయి. మీ చేతి లోపమేమీ లేదు. అదే రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున నిలువు చారలుగా వేయండి. ఒక చార ముందుకొస్తుంది, పక్కది వెనక్కి పోతుంది, బట్ట హార్మోనియం తిత్తిలా ముడుచుకుని సాగుతుంది. స్వెటర్ మణికట్టుకూ నడుముకూ ఆ చారలు వేసేది అందుకే.

వానాకాలానికి ఒక ఇబ్బంది ఉంది. అల్లిన ముక్కను తడిపి, కొలతకు పరిచి, పిన్నులు గుచ్చి ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజుల్లో ఊలు ఎంతకీ ఆరదు. తన బరువులో సుమారు మూడో వంతు తేమను తాగినా ఊలు పైకి పొడిగానే అనిపిస్తుంది. పైకి ఆరింది కదా అని పిన్నులు తీసేయకండి, ఇంకో రాత్రి ఓపిక పట్టండి.

(దృశ్యం: రాత్రి. దీపం వెలుగులో నల్లటి ఊలు. కుట్లు కనిపించవు. తర్వాత అదే చోట లేత రంగు ఊలు.)

చలికాలంలో రెండు తరగతులు. ఒకటి ఓపిక లేనివారికి. లావు ఊలు, లావు సూదులు, ఒక టోపీ. కొన్ని సాయంత్రాల్లో అయిపోతుంది, ఆ చలిలోనే పెట్టుకోవచ్చు. రెండోది నూలు శాలువా, రాబోయే ఎండాకాలానికి. ఈ రెండో తరగతికి ఎప్పుడూ తక్కువమందే వస్తారు. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ ఇష్టమైనది అదే.

పొద్దు త్వరగా గూకే రోజుల్లో నల్ల ఊలు కొనకండి. దీపం వెలుగులో ఒక కుట్టుకూ ఇంకో కుట్టుకూ తేడా కనిపించదు. లేత రంగు, మధ్యరకం మందం, లేబుల్ మీద 4 అంకె ఉన్నది మొదటిసారికి మేలు.

చలి తగ్గుముఖం పట్టాక ఒక్క రోజు తరగతి ఉంటుంది. ఉతకడం, రిపేరు చేయడం, దాచడం. ఊలు పోగు మీద సన్నని పొలుసులుంటాయి. వేడినీళ్లలో రుద్దితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది, మళ్లీ విడదీయలేరు. నా స్వెటర్ ఒకటి అలాగే బొమ్మకు సరిపోయే సైజుకు వచ్చింది. గోరువెచ్చని నీళ్లు, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తడం, అంతే. ఉతికిన తర్వాతే లోపల పెట్టండి. ఊలును తినేది రెక్కల చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. దానికి చెమట, జిడ్డు అంటిన ఊలంటే మరీ ఇష్టం.

(దృశ్యం: తరగతి. ఒకరికొకరు ఎదురుగా కూర్చుని అల్లుతున్న ఇద్దరు.)

మొదటిసారి వచ్చేవారు సాధారణంగా భయపడేది చేతి వాటం గురించి. ఎడమచేతివారైతే నా పక్కన వద్దు, ఎదురుగా కూర్చోండి. అద్దంలో చూసినట్టు నా చేతులు మీకు సరిగ్గా కనిపిస్తాయి. కొక్కెపు సూదిని పెన్సిల్ పట్టినట్టు పట్టుకుంటారా, కత్తి పట్టినట్టా అన్నది మీ ఇష్టం. రెండూ సరైనవే, ఎవరైనా దిద్దబోతే వినకండి.

తొలిరోజు నిట్టింగ్‌కు వెదురు సూదులు తెచ్చుకోండి. లోహపు సూదుల మీద కుట్లు జారిపోతాయి. చేతికి ఉంగరాలుంటే తీసి రండి. గోళ్ల అంచులు కూడా ఒకసారి అరగదీసుకోండి, ఊలు ముందుగా పట్టుకునేది వాటినే.

(దృశ్యం: సూది మీద మొదటి ముడి పడుతుంది. బయట వాన చప్పుడు.)